కోటిరత్నం సముద్రస్నానం

మా అక్కకి నీళ్ళంటే భయమట! ఊరూ పేరూ తెలియని వాళ్ళెవరో అన్న మాటైతే పోనీలే అని ఊరుకుందును. అన్నది ఆవిడ కన్నకొడుకు. అవునని తల ఊపింది కట్టుకున్న మొగుడు. ఆ మాట చెవిన పడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫుకెట్ వెళ్ళొచ్చి ఇన్నాళ్ళయినా, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతోంది. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

అక్క అంటే తోడబుట్టినది కాదు, నా తోడికోడలు. పేరు కోటిరత్నం. మా బావగారు బాపయ్య గారి భార్య. ఆయన తమ్ముడు రోశయ్య గారు మా ఆయన. నా పేరు మాణిక్యమ్మ. మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ, ఆ గోడకో తలుపు. ఆ తలుపు ఎప్పుడైనా మూశామేమో నాకైతే గుర్తులేదు. మా ఊరు చిలకలూరిపేట నుంచి పర్చూరు పోయే దారిలో ఉంది. నల్లరేగడి నేల. మిరప, పత్తి వేస్తాం. ఎండలు ముదిరితే తాగే నీళ్ళకి కూడా ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకునే ఊరు మాది.

కోటిరత్నం అక్కని కల్లంలో చూడాలి. ఎర్రటి కాయలు ఆరబోసి ఉంటే, తలకి తువ్వాలు చుట్టుకుని, కాయల మధ్య కాళ్ళతో చాళ్ళు తీసుకుంటూ తిరుగుతుంది. రంగు తేలిన తాలుకాయలు ఏరే కూలీలు కబుర్లలో పడితే ఒక్క కేక వేస్తుంది, అంతే, మళ్ళీ చేతులు ఆడతాయి. ఒకసారి ఒక వ్యాపారి కాయ తీసుకుని పెదవి విరిచాడు. "ఏమయ్యా, ఇట్టాంటి రంగు నీ జన్మలో చూశావా? చూళ్ళేదు గాబట్టే పెదవి విరుస్తున్నావ్. పో, ఇంకో కల్లానికి పో" అని మొహం మీదే అనేసింది. మర్నాడు పొద్దున్నే వాడే మళ్ళీ వచ్చాడు. కల్లంలో బావగారు కూడా ఆవిడ మాటకి ఎదురు చెప్పరు.

అంత మనిషీ ఇంటి గడప తొక్కగానే పొయ్యి ముందుకి వెళ్ళిపోతుంది. బావగారికి పొగలు కక్కే అన్నం ఉండాలి, ముద్దపప్పు ఉండాలి, రోట్లో నూరిన పచ్చడి ఉండాలి. పొద్దున చేసిన కూర మధ్యాహ్నానికి పనికిరాదు. హోటలు కూడు ఆయనకి పడదు. పడదంటే జబ్బు చేస్తుందని కాదు సుమండీ, నచ్చదని. ఆ ఒక్క ముక్క మా ఇంట్లో ఎవరూ విడమరిచి చెప్పుకోలేదు. పడదు అంటే పడదు, అంతే.

అందుకని మేం ఏ ఊరు వెళ్ళినా పొయ్యి కూడా మాతో వచ్చేది. తిరుపతి వెళ్తే సత్రంలో వండింది. శ్రీశైలం వెళ్తే చెట్టు కింద రాళ్ళు పేర్చి వండింది. కాశీ వెళ్ళినప్పుడు మేమందరం గంగలో మునిగి గదికి వచ్చేసరికి, "చేతులు కడుక్కోండి, వడ్డించేస్తా" అంటూ తలుపు తీసింది. "మరి నువ్వెప్పుడు మునుగుతావక్కా?" అంటే సాయంత్రం అంది. సాయంత్రానికి బావగారు ఉప్మా అడిగారు. చివరికి చెంబుతో గంగ తెప్పించుకుని నెత్తిన చల్లుకుంది. కాశీ దాకా వెళ్ళి చెంబు నీళ్ళతో సరిపెట్టుకున్న మనిషిని నేను ఈవిణ్ణే చూశాను.

ఇక కార్తీకమాసం వస్తే ఏటా చీరాల దాటి ఓడరేవుకి సముద్రస్నానానికి వెళ్తాం. పులిహోర బేసిను, దద్దోజనం గిన్నె, మార్చుకునే బట్టల సంచులు, మగవాళ్ళ సెల్‌ఫోన్లు, అన్నీ ఒడ్డున దుప్పటి పరిచి పెడతాం. బావగారు పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగబోతూ వెనక్కి తిరిగి ఏటా ఒకే మాట అంటారు. "సామానెవరు చూస్తారు? నువ్వు కూర్చో." అక్క కూర్చుంటుంది. మా అందరి చెప్పులూ వరసగా పెట్టుకుని, పులిహోర మీద కాకులు వాలకుండా చేత్తో అదిలిస్తూ కూర్చుంటుంది. "నువ్వెళ్ళక్కా, నేను కూర్చుంటా" అని ఎన్నిసార్లు అన్నా, "చిన్నదానివి, నువ్వు పోయి మునుగు పో" అని తరిమేస్తుంది. అందరం ఒళ్ళు తుడుచుకునేటప్పుడు ఆవిడ వెళ్ళి పాదాలు తడుపుకుని, దోసెడు నీళ్ళు నెత్తిన చల్లుకుని పరిగెత్తుకొస్తుంది. అప్పటికి బావగారికి ఆకలేస్తూ ఉంటుంది మరి!

ఇంతకీ ఈవిడ పుట్టిల్లు ఎక్కడనుకున్నారు? పొన్నూరు అవతల, కాలవ గట్టు మీద ఊరు. ఎటు చూసినా వరిచేలు, పంట కాలవలు. గేదెల్ని కాలవ దాటించేటప్పుడు వాటికంటే ముందే ఈదుకుంటూ పోయి అవతలి గట్టున కూర్చునేదట. వంతెన మీంచి కాలవలోకి దూకినందుకు వాళ్ళ నాయన చేత తిన్న దెబ్బల సంగతి నాకెన్నిసార్లు చెప్పిందో! మా ఊరు కాపురానికొచ్చిన మొదటి వేసవిలో బోరింగు దగ్గర బిందె పట్టుకుని నిలబడి ఏడ్చేసిందట, ఈ ఊళ్ళో నీళ్ళు మొహం కడుక్కోవడానికి కూడా చాలవని. అలాంటి మనిషికి నీళ్ళంటే భయమట! ఒడ్డున కూర్చోబెట్టిందీ వీళ్ళే. కూర్చుంది గనక భయమని తేల్చిందీ వీళ్ళే. ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు, ఆవిణ్ణి అడిగిన పాపాన పోలేదు.

ఇప్పుడసలు సంగతికి వస్తాను. బావగారికి అరవై నిండుతున్నాయి. షష్టిపూర్తి చెయ్యాలి. అంటే మొగుడూ పెళ్ళాలకి మళ్ళీ పెళ్ళి, మళ్ళీ తాళి. ఊళ్ళో పందిరేసి చేద్దామని మా ఆయన అన్నారు. చైతన్యకృష్ణ ఒప్పుకోలేదు. వాడు బావగారి ఒక్కగానొక్క కొడుకు. గుంటూరు బ్రాడీపేటలో కాపురం, అక్కడే కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్తాడు. "ఊరందరికీ భోజనాలు పెట్టి అలిసిపోవడం తప్ప ఏముంది పిన్నీ? అమ్మకి రెస్టు కావాలి. ఫ్యామిలీ అంతా ఏదైనా బీచ్ రిసార్టుకి పోదాం. సముద్రం ఒడ్డున పెళ్ళి. పంతులు గారు వీడియో కాల్లో మంత్రాలు చదువుతారు" అన్నాడు. అమ్మకి రెస్టు అన్న మాటకి నేను పొంగిపోయాను. మా వాడు బంగారం అని ఊరంతా చెప్పుకున్నాను కూడా.

బావగారు ఒక షరతు పెట్టారు. "సముద్రం ఒడ్డునైనా సరే, చంద్రమండలం మీదైనా సరే, పెళ్ళి పెళ్ళిలాగా జరగాలి. నలుగు పెట్టడం దగ్గర్నుంచి బాసికం కట్టేదాకా ఒక్క పద్ధతి తప్పినా నేను పీటల మీద కూర్చోను." ఆయన అంతే, పద్ధతుల మనిషి. మంచి గడియ చూడందే మోటారు స్విచ్చి కూడా వెయ్యరు.

ఎక్కడికి వెళ్ళాలన్న దాని మీద ఫోన్లలో పెద్ద రభసే జరిగింది. మాల్దీవుల్లో నీళ్ళ మీద ఇళ్ళు చూపిస్తే, "చుట్టూ నీళ్ళే గదరా, ఊరేదీ?" అన్నారు బావగారు. బాలీ అంటే ప్రయాణం మరీ ఎక్కువని మా ఆయన గొణిగారు. చివరికి ఫుకెట్ ఖాయమైంది, చైతన్య విమానం టికెట్లు కూడా కొనేశాడు. ఒక ఆదివారం పొద్దున అక్కడే ముహూర్తం. ఇక హోటలు చూసుకోవడమే మిగిలింది. అది కూడా అందరం కూర్చుని చూద్దామని దానికి ముందటి ఆదివారం మమ్మల్ని బ్రాడీపేట ఫ్లాటుకి రమ్మన్నాడు.

వెళ్ళాం. అక్క లోపలికి అడుగు పెట్టి, చెప్పులు విప్పి, సరాసరి వంటింట్లోకి పోయింది. కోడలు శ్రీరమ్య పళ్ళ డాక్టరు, ఆదివారం కూడా పొద్దుటిపూట క్లినిక్ ఉంటుంది. అలిసిపోయి వచ్చింది, పాపం అనుకున్నాను. హాల్లో టీవీ మీద చైతన్య ఒక్కో హోటలూ వేసి చూపిస్తున్నాడు. వాళ్ళ పిల్లలకి నీళ్ళలో జారే బల్ల కావాలట. శ్రీరమ్యకి ఫొటోల్లో వెనకాల కొబ్బరిచెట్లు పడాలట. మా ఆయనకి మెట్లు ఉండకూడదట. వంటింట్లో అక్క పునుగులు వేస్తోంది. "అక్కా, ఇటు రా, చూద్దువుగాని" అని కేకేశాను. "నూనె కాగిందే, మీరు చూడండి" అంది.

సముద్రానికి ఎదురుగానే ఒక పెద్ద హోటలు కనిపించింది. గది తలుపు తీస్తే ఇసక. మూడు పూటలా భోజనం వాళ్ళదే. నాకు భలే నచ్చింది. "అబ్బాయ్, ఇదే ఇదే" అన్నాను. బావగారు కుర్చీలో ముందుకి జరిగారు.

"భోజనం సంగతేంట్రా?"

"ఇదిగో నాన్నా, బఫే. ఇన్ని రకాలు."

"ఆ పచ్చి ఆకులూ, ఆ పీతలూ నేను తినను. హోటలు కూడు నాకు పడదని తెలిసి కూడా ఎట్టా చూపిస్తున్నావురా?"

"అది కూడా ఆలోచించా నాన్నా" అని ఒక విల్లా వేశాడు. విడిగా ఇల్లు. మూడు పడకగదులు, ఒక చిన్న ఈత కొలను, వెనక పెద్ద వంటిల్లు. ఆ వంటిల్లు తెర మీదకి రాగానే ఇంటిల్లిపాదికీ మొహాలు వెలిగిపోయాయి. శ్రీరమ్య లేచి నిలబడి, "అత్తయ్యా, రండి రండి, కిచెన్ చూడండి! నాలుగు బర్నర్లు!" అని పిలిచింది. అక్క చిల్లుల గరిటె చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఆ కిటికీలోంచి సముద్రం కనపడుతుంది అత్తయ్యా. వంట చేసుకుంటూ చూడొచ్చు" అంది పిల్ల, ఎంతో ప్రేమగా.

విన్నారా? వంట చేసుకుంటూ చూడొచ్చట!

నేనిక ఆగలేకపోయాను. "ఏమ్మాయ్, మీ అత్తగారు సముద్రాలు దాటి పోతోంది పొయ్యి ముందు నిలబడ్డానికా? అమ్మకి రెస్టన్నావేంట్రా చైతన్యా? రెస్టంటే ఇదా?"

"అయ్యో పిన్నీ, నువ్వు మరీను. వంటంటే అమ్మకి ఇష్టం కదా. అక్కడ మనం రోజూ బోటెక్కి దీవులకి వెళ్తాం. అమ్మ ఎలాగూ రాదు, తనకి నీళ్ళంటే భయం. మనం తిరిగొచ్చేసరికి వేడివేడిగా భోజనం రెడీగా ఉంటుంది."

బావగారు తల ఊపారు. "దానికి మొదట్నుంచీ సముద్రం అంటే బెదురు. ఓడరేవులో ఏటా చూడట్లా? ఒడ్డు దిగదు. నువ్వూ ఉంటావుగా మాణిక్యం, అక్కకి కూరలవీ తరిగిపెట్టడానికి."

ఓహో! నన్నెందుకు రమ్మన్నారో అప్పటికి గానీ నాకు తెలిసి రాలేదు. మా ఆయన వంక చూశాను. ఆయన టీవీలో మెట్లు లెక్కపెట్టుకుంటున్నారు.

అక్క గుమ్మంలోనే ఉంది. గరిటె మీంచి నూనె బొట్టు నేల మీద పడింది. ఆవిడ గొంతు పెంచలేదు. "చైతన్యా, నాకు పొయ్యి లేని గది చూడరా" అంది.

అందరూ నవ్వారు. నిజంగానే నవ్వారండీ, ఆవిడేదో పరాచికం ఆడినట్టు. "నీ చేతి పచ్చడి లేకపోతే నాన్న నాలుగు రోజులు బతుకుతాడా అమ్మా?" అన్నాడు కొడుకు. "అడిగావులే గొప్ప. పో, పునుగులు మాడుతున్నట్టున్నాయి" అన్నారు బావగారు. విల్లా ఖాయం చేసేశారు. మర్నాడు పొద్దున్నే మంచి గడియ ఉంది, అప్పుడు డబ్బు కట్టమని బావగారు చెప్పారు.

నేను వంటింట్లోకి వెళ్ళేసరికి పునుగులు నల్లగా మాడి ఉన్నాయి. అక్క స్టవ్ ఆర్పేసి ఊరికే నిలబడి ఉంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. ఏడవడం లేదు. మొహం జేవురించి ఉంది. వ్యాపారి కాయ చూసి పెదవి విరిచిన రోజున ఎలా ఉందో, అలా ఉంది.

"మాణిక్యం, నాకు నీళ్ళంటే భయమని నేనెప్పుడైనా అన్నానటే?"

"ఎప్పుడూ అనలేదక్కా."

"వంతెన మీంచి దూకేదాన్నే నేను! భయమా? నాకా?" తర్వాత, "పెళ్ళి పెళ్ళిలాగా జరగాలన్నారు కదూ మీ బావగారు?" అంది.

"అన్నారు. నేను విన్నాను."

"అయితే కిందకెళ్ళి కొట్లో పసుపూ, సున్నమూ, సున్నిపిండీ పట్రా. పొద్దున్నే పనుంది."

అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం నాకు నవ్వాగలేదు.

ఆ రాత్రికి అందరం అక్కడే పడుకున్నాం. పొద్దున్నే అందరూ లేవకముందే అక్కకి నూనె రాసి, నలుగు పెట్టి, తలంటి పోశాను. పసుపూ సున్నం కలిపి ఎర్రగా పారాణి చేసి పాదాలకి దిద్దాను. బుగ్గన చుక్క పెట్టాను. కొత్త చీర కట్టించి హాలు మధ్యలో పీట వేసి కూర్చోబెట్టాను. యాభై దాటిన మనిషి, నా కళ్ళకి మాత్రం నిన్న మొన్నటి పిల్లలాగే ఉంది. అప్పుడు బావగారు కళ్ళు నులుముకుంటూ గదిలోంచి వచ్చారు.

"ఏమే, కాఫీ... ఇదేంటిది?"

"పెళ్ళికూతుర్ని చేశారు నన్ను" అంది అక్క.

"అప్పుడేనా? పెళ్ళి ఆదివారం గదా?"

"పూర్వం ఐదారు రోజుల ముందే చేసేవాళ్ళండి. పద్ధతి తప్పితే పీటల మీద కూర్చోనన్నారుగా? పద్ధతి ప్రకారమే చేయించుకున్నా. ఇక కాఫీ అంటారా, పారాణి పెట్టిన పెళ్ళికూతురు పొయ్యి దగ్గరికి వెళ్తుందా? మీ చెల్లెలి పెళ్ళిలో ఎవరో దాన్ని మంచినీళ్ళు తెమ్మన్నందుకు మీరెంత గొడవ చేశారు? పెళ్ళికూతురికి పని చెప్తారా అని పందిట్లో కొట్టడానికి కుర్చీ ఎత్తారు. మర్చిపోయారా?"

చైతన్య, శ్రీరమ్య కూడా లేచి వచ్చారు. "అమ్మా, జోకులెయ్యకు" అన్నాడు వాడు. అక్క వాడి వంక చూసిన చూపుకి రెండడుగులు వెనక్కి వేశాడు.

బావగారు ఫోన్ తీసి మా ఊరి పంతులు గారికి కలిపారు. ఆయనైనా గట్టెక్కిస్తారనుకున్నారు కాబోలు. స్పీకర్లో పంతులు గారి గొంతు హాలంతా వినిపించింది. "చాలా సంతోషం బాపయ్య గారూ, శాస్త్రోక్తంగా చేయిస్తున్నారు. పెళ్ళికూతురి చేత పని మాత్రం చేయించకండి, ఇంటికి శుభం కాదు. ప్రయాణమా? ఆవిడ వెళ్తోంది పెళ్ళి జరిగే చోటికే గదండీ, దోషం లేదు." బావగారు ఫోన్ జేబులో పెట్టుకుని సోఫాలో కూలబడ్డారు.

"పోనీ పెళ్ళయ్యాక వండొచ్చుగా అత్తయ్యా?" అంది శ్రీరమ్య, మెల్లిగా.

"పదహారు రోజుల పండగ వెళ్ళేదాకా కొత్త పెళ్ళికూతుర్నే అమ్మాయ్."

"పిన్నీ, మరి నువ్వు..." అని నా వైపు తిరిగాడు చైతన్య.

"నేను తోడుపెళ్ళికూతుర్నిరా. నేను పక్కన లేకపోతే పెళ్ళికూతురికి దిష్టి తగులుతుంది. నాకూ పని చెప్పకూడదు" అన్నాను. అబద్ధమే అయినా ఆ క్షణంలో నాకు అంతకంటే నిజం ఇంకోటి కనపడలేదు. శ్రీరమ్య భర్త వంక చూసి, "నేనైతే వండను, ముందే చెప్తున్నా. నాక్కూడా అది వెకేషనే" అంది. ఆ మాట ఆ పిల్ల ఎంత తేలిగ్గా అనేసిందో! అత్తగారికి అదే మాట అనడానికి ఒక పెళ్ళయి, ఇంకో పెళ్ళి దాకా రావాల్సి వచ్చింది.

"నాన్న ఏం తింటాడు మరి?" అన్నాడు చైతన్య.

"పచ్చడి సీసా పెట్టుకుని వెళ్ళమను" అంది అక్క. "సీసా ఎవరు పెడతారని నన్నడగొద్దు. నేను పెళ్ళికూతుర్ని. ఆఁ, పెళ్ళికూతురికి కాఫీ ఇవ్వాలి ముందు. ఎవరిస్తారు?"

చైతన్య వంటింట్లోకి వెళ్ళాడు. కాసేపటికి, "కాఫీపొడి ఎక్కడుంటుందీ?" అని కేక వినపడింది. అది వాడి సొంత ఇల్లు!

వాడు తెచ్చిన కాఫీలో పంచదార లేదు. అక్క మొత్తం తాగేసింది. గ్లాసు కింద పెట్టి, "ఇప్పుడు ఆ పొయ్యి లేని హోటలు వెయ్యి, చూస్తాను" అంది. పీట మీద కూర్చునే గదులు చూసింది, పరుపులు చూసింది, గది గుమ్మం దగ్గర్నుంచి నీళ్ళ దాకా ఎంత దూరమో రెండుసార్లు అడిగింది. మంచి గడియ దాటకుండా ఆ హోటల్‌కే డబ్బు కట్టించింది. దాదాపు నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఎంచుకున్న మొదటి చోటు అది.

ఫుకెట్ చేరాం. ఇప్పుడు చెప్పబోయేది వింటే మీ రక్తం కూడా ఉడుకుతుంది. మొదటిరోజు మధ్యాహ్నం బావగారు మొహం ముడుచుకుని, పచ్చడి సీసా సంకలో పెట్టుకుని భోజనాల హాలుకి వచ్చారు. ఒక పళ్ళెంలో కాస్త అన్నం పెట్టుకున్నారు. పక్కన రొయ్యల వేపుడు కనపడితే నాలుగు వేసుకున్నారు. ఇంకో నాలుగు వేసుకున్నారు. తర్వాత కొబ్బరిపాల కూర, తర్వాత కోడి, తర్వాత మామిడిపండుతో తీపి అన్నం. "ఏదో, ఫర్వాలేదు" అంటూ మూడోసారి లేచారు. రాత్రి భోజనానికి పచ్చడి సీసా గదిలోనే మర్చిపోయారు. పడదన్న నోరు ఇదేనా? ఈ నోటి కోసమేనా మా అక్క గంగని చెంబుతో నెత్తిన చల్లుకుంది? నా పళ్ళెం ముందు కూర్చుని పళ్ళు కొరుక్కున్నాను. అక్క మాత్రం ఆయన్నే చూస్తోంది. చూస్తూ నెమ్మదిగా, వేడిగా ఉండగానే, తన అన్నం తను తింది. వేడన్నం ఆవిడ తినగా నేను చూడ్డం అదే మొదలు. ఇంట్లో అందరికీ వడ్డించి ఆవిడ కూర్చునేసరికి గిన్నె చల్లారి ఉంటుంది.

ఆదివారం పొద్దున్నే పెళ్ళి అయింది. ఇసకలో చాప, ముందు కుర్చీ మీద ఫోన్, ఫోన్లో పంతులు గారు. మధుపర్కాలు కట్టుకుని, బాసికాలు కట్టుకుని ఇద్దరూ కూర్చున్నారు. హోటల్లో దిగిన వేరే దేశాల వాళ్ళు కూడా చుట్టూ మూగారు. బావగారు తాళి కట్టారు. ఫొటోలయ్యాయి. వెంటనే పిల్లలు నీళ్ళలోకి పరిగెత్తారు, వాళ్ళ వెనక చైతన్య, శ్రీరమ్య, ఆఖరికి మా ఆయన కూడా. చాప మీద ఫోన్లు, కెమెరా, తలంబ్రాల పళ్ళెం, అందరి చెప్పులూ పోగుపడ్డాయి. బావగారు అలవాటు కొద్దీ పంచె ఎగ్గట్టి నీళ్ళ వైపు నడిచారు.

అక్క మెళ్ళో దండ తీసి నా చేతిలో పెట్టింది. నాట్లప్పుడు వాళ్ళ ఊళ్ళో కట్టినట్టు చీర ఎగదోపి గోచీ పోసి, బావగారి పక్క నుంచి ముందుకి వెళ్ళిపోయింది.

"ఏమే! ఎక్కడికే? నీకు భయం గదే! ఒరేయ్ చైతన్యా, మీ అమ్మని పట్టుకోరా!"

ఎవరు పట్టుకుంటారు? మోకాలి లోతు, నడుము లోతు, అంతే, ఒక్కసారి మునిగింది. అవతలెక్కడో తేలింది. చేతులు బారచాచి ఈదుతోంది. ఈదుతోందంటే మామూలుగా కాదు, గేదెల కంటే ముందు గట్టు చేరే పిల్ల ఎలా ఈదుతుందో అలా. తర్వాత వెల్లకిలా తిరిగి నీళ్ళ మీద పడుకుంది. పారాణి పెట్టిన పాదాలు రెండూ పైకి కనపడుతున్నాయి. చైతన్య నడుము లోతులో నిలబడి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. వాడికి ఈత రాదు.

నేనూ పరిగెత్తాను. దగ్గరికి వెళ్ళేసరికి అక్క నిలబడింది. నవ్వుతోందనుకున్నాను. నవ్వడం లేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఉప్పునీళ్ళకో, కోపానికో. ఒడ్డున ఉన్న బావగారి వైపు తిరిగి, కల్లంలో వేసే కేక వేసింది.

"ఇంత బాగుంటుందని నాకెవ్వరూ చెప్పలేదేం? ఏటా మునిగొచ్చారే, ఒక్కసారన్నా నువ్వు కూడా రా అనలేదేం?"

"నువ్వెప్పుడూ అడగలేదుగా!" అన్నారు బావగారు. ఆ మాట అనడానికి ఆయనకి నోరెలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. అని, పంచె ఇంకాస్త ఎగ్గట్టి నీళ్ళలో కాలు పెట్టారు.

"మీరెక్కడికి?" అంది అక్క. "సామానెవరు చూస్తారు? కూర్చోండి."

బావగారు ఆగిపోయారు. కొడుకు వంక చూశారు, తమ్ముడి వంక చూశారు, నా వంక చూశారు. ఆయన వెనక్కి వెళ్ళి, మెళ్ళో పెళ్ళిదండతోనే, చాప మీద మా చెప్పుల పక్కన కూర్చున్నారు.